వినే కాలం

నీలం రంగు టేపును నేను ఇప్పటికీ చూడలేను. కరెంటు పనివాళ్ల సంచుల్లోనో, ఎవరింట్లోనైనా తెగిన వైరు చుట్టూనో అది కనబడితే మొహం పక్కకు తిప్పుకుంటాను. ఎవరైనా అడిగితే దాని వాసన పడదని చెప్తాను. వాసన కాదు.

పాపకు ఇంకా ఏడాది నిండని ఆ చలికాలంలో మేము మా ఆయన పనిచేసే స్టేషన్ వాళ్ల ఇళ్లల్లో ఉండేవాళ్లం. ఊరికి దూరంగా, ఎత్తు మీద, ఒకే వరసలో కట్టిన ఇళ్లు. వెనకాల బట్టలు ఉతుక్కోవడానికి అందరికీ కలిపి ఒక రేకుల షెడ్డు. ముందు కంకర రోడ్డు, అది దాటితే కంచె, కంచె లోపల కనుచూపు మేర నిలబెట్టిన ఇనుప కడ్డీలు. అవన్నీ యాంటెన్నాలు. మీ ఆయన అక్కడ ఏం పని చేస్తాడే అని మా అమ్మ అడిగితే, వినే పని అని చెప్పాను. అంతకన్నా నాకూ తెలియదు. అమ్మ మంచం పట్టిన ఏడు నా చదువు మధ్యలో ఆగింది. ఆగినచోటే ఉండిపోయింది.

ఆయనే ఒకరోజు తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. ఎక్కడో ఆకాశం అవతల నుంచి ఎప్పుడో ఒకసారి కంటికి కనిపించని నలుసొకటి వచ్చి మన గాలిని గుద్దుకుంటుందట. అప్పుడు రేడియోలో చిటుక్కుమని ఓ చప్పుడు పుట్టి, రెప్ప వేసేలోగా అయిపోతుందట. దాని చుట్టూ ఎప్పుడూ హోరు. ఆ హోరులోంచి ఆ చిటుకును ఏరడమే వాళ్ల పని. నువ్వు బియ్యంలో రాళ్లు ఏరతావే అలాగే, కాకపోతే మాకు కావలసింది రాయి, బియ్యం పారబోస్తాం అని నవ్వాడు. అంత నవ్వు మొహంతో ఆయన నాకు ఏదైనా చెప్పడం అదే మొదలు. చాలా గర్వపడ్డాను.

చలికాలంలో మెరుపులుండవు కాబట్టి హోరు తక్కువట. అందుకని స్టేషన్లో చలికాలాన్ని వినే కాలం అనేవాళ్లు. ఆ ఏడు వాళ్లు కొత్తగా ఒక పని చేశారు. అంతవరకూ ఒక్కో స్టేషన్ వాళ్లు తమకు తోచిన పద్ధతిలో ఏరుకునేవాళ్లు. ఒకరికి చిటుకు అనిపించింది ఇంకొకరికి చెత్త. పోట్లాటలు. చివరికి దూరదూరంగా ఉన్న స్టేషన్ల వాళ్లంతా కూర్చుని, అందరికీ ఒకే జల్లెడ తయారుచేసుకున్నారు. జల్లెడ అనేది నా మాట. ఆయన వేరే పేరేదో చెప్పాడు. ఎవరి హోరునైనా ఇంకొకరు తీసుకుని అదే జల్లెడలో పోసి చూడాలి, ఇద్దరికీ అదే తేలాలి. అలా తేలితేనే నమ్మకం.

జల్లెడ ఎంత మంచిదైనా ఇళ్లల్లోంచి వచ్చే చప్పుళ్లు అందులో పడితే అంతా పాడు. అందుకని వినే కాలంలో మా ఇళ్లల్లో రేడియోతో నడిచే వస్తువేదీ ఉండకూడదు. సెల్‌ఫోన్లు కూడా గేటు దగ్గరే ఇచ్చేయాలి. చేతిలో చిన్న పెట్టె పట్టుకుని వారం వారం ఇంటింటికీ తిరిగి తనిఖీ చేసేది మా ఆయనే. ఏ ఇంట్లోనైనా ఏదైనా దొంగచాటుగా నడుస్తుంటే ఆ పెట్టె చిట్ మంటుంది. అలాగే పక్కింటి పిన్ని మనవడి బొమ్మ కారు పట్టుబడింది. పిన్ని అంటే స్టేషన్ జీపు డ్రైవరుగారి భార్య. నాకు వరసకు ఏమీ కాదు, నోరారా పిలుచుకునేదాన్ని. పిల్లాడు కారును పొట్టకు కరుచుకుని నేలమీద పడి దొర్లినా మా ఆయన వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాడు.

"నా మోకాళ్లు కూడా చిటుక్కుమంటున్నాయి అమ్మాయ్," అంది పిన్ని మర్నాడు షెడ్డులో బట్టలు పిండుతూ. "కోసి పట్టుకుపోతాడేమో మీ ఆయన్ని అడిగి చెప్పు."

నవ్వేశాను కానీ లోపల బితుకుబితుకుమంటూనే ఉంది. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒకటుంది.

పాపకు దగ్గు తెర వస్తే ఊపిరి బిగుసుకుపోయేది. పెదాలు నీలంగా మారేవి. వెంటనే ఎత్తుకుని బోర్లా వేసుకుని వీపు తడితే మళ్లీ ఊపిరి అందుకునేది. తట్టేవాళ్లు పక్కన లేకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. చెవులు మాత్రం పిల్ల మీదే ఉంచమన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. స్నానానికి వెళ్లినా తలుపు బార్లా తీసిపెట్టుకునేదాన్ని. షెడ్డులో బట్టలు ఉతుకుతూ సగంలో పరుగెత్తి పాపను చూసొచ్చి, మళ్లీ పరుగెత్తేదాన్ని. నా అవస్థ చూసి మా ఆడపడుచు తన పిల్లలకు వాడిన పాత సెట్టొకటి పంపింది. అందులో రెండు డబ్బాలు. ఒకటి ఉయ్యాల దగ్గర పెట్టాలి, రెండోది నా నడుముకు తగిలించుకోవాలి. పాప చప్పుడు చేస్తేనే అది పలుకుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. పాతది కావడంతో పలికే ముందు ఒకసారి చిట్ మనేది. ఆ వెనక పాప దగ్గో ఏడుపో వినిపించేది.

ఇది పెట్టుకోవచ్చా అని ఆయన్ని అడిగాను. పెట్టెతో అటూ ఇటూ చూసి, దీని అలల దారి వేరు, మా కడ్డీలకు వినబడదులే అన్నాడు. నువ్వు మాత్రం పిన్నికి చెప్పకు అన్నాడు. నేను చెప్పలేదు. డబ్బా కనబడకుండా పైట కప్పుకుని తిరిగాను. నాకది రెండో ప్రాణం.

చలి ముదిరే వేళకు స్టేషన్లో సంబరం మొదలైంది. జల్లెడలో చిటుకులు తేలాయి. మిగతా స్టేషన్లలో ఏమీ లేవు, మా దగ్గరే. మా హోరును వాళ్లూ తీసుకుని అదే జల్లెడలో పోసుకున్నారు, వాళ్లకూ అవే తేలాయి. స్టేషన్ పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని ఇంటింటి గుమ్మం ముందూ ఆగి మరీ చెప్పుకున్నాడు. ముందుగా చూసింది మా ఆయనే కాబట్టి ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఉద్యోగం ఖాయం చేస్తారని, ఇకనుంచి పెద్ద ఊళ్లో ఉంటామని ఆయన నాతో అన్నాడు. పెద్ద ఊరంటే పెద్దాసుపత్రి. నేను దానికే మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే ఆయన ఒక కొత్త అలవాటు చేసుకున్నాడు. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా ఉయ్యాల దగ్గర కూర్చునేవాడు. ఇవాళ పాప ఎప్పుడెప్పుడు దగ్గింది, పొద్దున్నా, నువ్వు షెడ్డులో ఉన్నప్పుడా, గట్టిగానా, చిన్నగానా అని గుచ్చిగుచ్చి అడిగేవాడు. నేను గుర్తుచేసుకుని మరీ చెప్పేదాన్ని. ఆఫీసు ఫోన్లో మా అమ్మకు, ఆయనకు పిల్లంటే ఎంత ప్రాణమో నీకు తెలియదమ్మా అని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా నాలుక నాకే చేదుగా ఉంటుంది.

తర్వాత పాపకు జలుబు చేసింది. దగ్గు ఆగడమే లేదు. నా నడుము దగ్గర డబ్బా చిట్ చిట్ మంటూనే ఉంది, నేను పరుగెడుతూనే ఉన్నాను. అటు ఆయన కూడా కాలు గాలిన పిల్లిలా తిరగసాగాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. ఏమైందంటే, చిటుకులు ఎక్కువైపోతున్నాయి అన్నాడు. ఎక్కువైతే మంచిదే కదండీ అన్నాను.

"ఇన్ని రాకూడదు," అన్నాడు. "అరుదుగా వస్తేనే దానికి విలువ. ఇలా కుప్పలుగా వస్తే ఎవడూ నమ్మడు."

పాపం, ఎంత బెంగ పెట్టుకున్నాడో అనుకుని, తగ్గుతాయిలెండి అని ధైర్యం చెప్పాను.

తగ్గాయి. కొద్దిరోజుల్లోనే స్టేషన్లో చిటుకులు ఆగిపోయాయి. ఆయన మొహం తేటపడింది. నా నడుము దగ్గర డబ్బా కూడా నెమ్మదించింది. రెండు డబ్బాలకూ పచ్చ లైటు వెలుగుతూనే ఉంది కానీ నా దగ్గరిది పలకడం లేదు. దగ్గరున్నప్పుడు పాప అడపాదడపా దగ్గినా, వెనక షెడ్డుకు వెళ్తే మాత్రం చప్పుడే ఉండేది కాదు. పగలు కునుకు పడితే పిల్ల బాగా పడుకుంటోంది, మందు పనిచేసింది అనుకున్నాను. ఎన్నాళ్లకో సగంలో పరుగెత్తకుండా బట్టలు ఉతికాను. ఒక పూట ఎండలో గోడకు ఆనుకుని కూర్చుని, పిన్నితో ఊసుపోక కబుర్లు కూడా చెప్పుకున్నాను.

అలాంటి ఒక పొద్దున సబ్బు అయిపోయి ఇంట్లోకి వెళ్లాను. సబ్బు కోసమే వెళ్లాను. పాప ఉయ్యాలలో వెల్లకిలా ఉంది. నోరు తెరిచి ఉంది, చప్పుడు లేదు. కక్కినది చెంప మీదుగా కారి చెవిలోకి పోయింది. పిడికిళ్లు రెండూ బిగుసుకున్నాయి. పెదాలు, గోళ్లు నీలం. ఎలా ఎత్తుకున్నానో నాకు తెలియదు. తడి చేతులతో బోర్లా వేసుకుని తట్టాను. ఎంతసేపు తట్టానో కూడా తెలియదు. చివరికి ఒక్కసారి కేర్ మంది. అక్కడే నేలమీద కూర్చుని ఒళ్లోకి తీసుకున్నాను.

పాప ఏడుస్తూనే ఉంది, నా ఒళ్లో, ఉయ్యాల పక్కనే. నా నడుముకున్న డబ్బా మాత్రం పచ్చ లైటు వెలిగించుకుని నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది. ఉయ్యాల దగ్గరి డబ్బాకు నోరు ఆనించి దగ్గాను. పేరు పెట్టి పిలిచాను. అరిచాను. లేదు.

పాప కాస్త తేరుకున్నాక, కత్తి మొనతో ఆ డబ్బా వెనక మరలు విప్పాను. పాతది కదా, ఏ తీగో ఊడి ఉంటుంది అనుకున్నాను. తీగ ఊడలేదు, కోసి ఉంది. ఒకదానికొకటి తగలకుండా రెండు చివర్లకూ నీలం టేపు చుట్టి ఉంది. ఎంత పొందికగా చుట్టాడో. అంచులు వేలితో నొక్కి మరీ అతికించాడు. ఆఫీసులో వైర్లకు ఆయన అలాగే చుడతాడు, పనిమంతుడని పెద్దాయన మెచ్చుకుంటాడు. దాని లైటుకు వెళ్లే తీగ జోలికి మాత్రం పోలేదు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చాడు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కంచం పక్కన ఆ డబ్బాను, విప్పినది విప్పినట్టే పెట్టాను. పొద్దున పాపకు ఏం జరిగిందో చెప్పాను. ఆయన డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు, ముందు లేచి వెళ్లి వీధి తలుపు వేశాడు. పాప దగ్గరికి కాదు, తలుపు దగ్గరికి.

వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. మొదట తనకూ తెలియదట. దీని దారి వేరే అనే అనుకున్నాడట, ఆన్ అయ్యేటప్పుడు వచ్చే ఆ చిట్ అన్ని దార్లలోనూ పడుతుందని తట్టలేదట. అనుమానం వచ్చి పాప దగ్గే వేళలు, చిటుకు తేలిన వేళలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడట. తెలిసేసరికి పెద్దాయన ఊరంతా చాటేశాడట. ఇక ఎలా చెప్పేది అన్నాడు. ఇంకో స్టేషన్ నుంచి ఒక మేడమ్ తనిఖీకి వస్తోంది, ఆవిడ చూసి వెళ్తే ఇక అడిగేవాడు లేడు, అదయ్యాక నేనే బాగుచేసి పెట్టేవాణ్ని అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా అనుకున్నాను."

"మరి లైటెందుకు వెలగనిచ్చారు?"

"నువ్వు కంగారుపడతావని," అన్నాడు.

నిజంగానే నా మీద దయతో అన్నట్టు అన్నాడు. ఆ తర్వాత అన్నం చల్లారిపోతోందని కలుపుకుని తిన్నాడు. ముద్ద తర్వాత ముద్ద. నేను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఇదంతా ఎవరికోసం, మన పాప కోసమే కదా అని మధ్యలో అన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, ఆ వేలితో పాప చెంప నిమరబోయాడు. నేను పాపను అటు భుజానికి మార్చుకున్నాను. నాకు అరవాలనిపించలేదు. దొడ్లోకి వెళ్లి కక్కుకున్నాను. ఆయన తిన్న కంచం కడగడానికి కూడా చేతులు రాలేదు. నీళ్లు పోసి వదిలేశాను.

మేడమ్ వెళ్లేదాకా పాప పక్కనే కూర్చో, షెడ్డుకు వెళ్లకు, బట్టలు నేను ఉతుకుతాను అన్నాడు. నేను ఏమీ అనలేదు. సరేనన్నాననుకున్నాడు.

మర్నాడు పాపను చంకన వేసుకుని, డబ్బాను తువ్వాల్లో చుట్టుకుని, పాల బండి మీద ఊళ్లోకి వెళ్లాను. రేడియోలు బాగుచేసే దుకాణంలో మనిషి ఎవరు కోశారని అడగలేదు. నీలం టేపు పీకి పారేసి, కోసిన తీగ అతికి, పైన చుట్టడానికి మళ్లీ నీలం చుట్టే తీశాడు. అది వద్దు, వేరేది వెయ్యి అన్నాను.

"ఏ రంగైతే ఏంటమ్మా, లోపల ఎవరు చూస్తారు?"

"నేను చూశాను," అన్నాను.

విచిత్రంగా చూసి నల్లది చుట్టాడు. ఇంటికొచ్చి డబ్బాను ఉయ్యాల దగ్గర ఎప్పటి చోటే పెట్టాను. దాచలేదు. ఆయన అటువైపు చూడలేదు. కోసినవాడు మళ్లీ ఎందుకు చూస్తాడు?

మేడమ్ వచ్చిన రోజు చలి కొరికేస్తోంది. పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, అరిగిపోయిన బూట్లు. వాళ్ల ఒప్పందం ప్రకారం ఒక స్టేషన్ ఇళ్లను ఇంకో స్టేషన్ వాళ్లే తనిఖీ చేయాలి. మా ఆయన చేతిలో ఉండే పెట్టె ఆవిడ చేతిలో ఉంది. వెనకాల పెద్దాయన, పక్కన మా ఆయన. వరస చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కో గుమ్మం దాటుతూ వస్తున్నారు. ఇళ్లల్లో ముందు పట్టుబడినవన్నీ తీసేశాం మేడమ్, అంతా శుభ్రం అని పెద్దాయన దారిపొడుగునా చెప్తూనే ఉన్నాడు. పిన్ని తన గుమ్మంలో మనవణ్ని కాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడింది. నేను మా గుమ్మంలో నిలబడ్డాను. పాప లోపల నిద్రపోతోంది.

"ఇది మా ఇల్లే మేడమ్," అన్నాడు మా ఆయన. "మా ఇంట్లో ఏమీ లేదు."

మీ ఇల్లయినా చూడాలి కదండీ అని ఆవిడ నవ్వింది. మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడే పాప దగ్గింది.

ఆవిడ చేతిలో పెట్టె చిట్ మంది. నా నడుము దగ్గర డబ్బా చిట్ మంది, వెంటనే పాప దగ్గు పైట కింద నుంచి వినిపించింది. లోపల గదిలోంచీ వినిపించింది.

మా ఆయన నా వంక చూశాడు. ఎందుకిలా చేశావన్న చూపు కూడా కాదు అది, ఇది ఎలా పలికింది అన్న చూపు. తను కోసిన తీగ గురించే ఆలోచిస్తున్నాడు.

"లోపలికి రండి," అన్నాను మేడమ్‌తో. "పాప లేచినట్టుంది."

నేను ముందు వెళ్లి పాపను ఎత్తుకుని వీపు తట్టాను. ఆవిడ వచ్చి ఉయ్యాల దగ్గరి డబ్బాను చూసింది. ముట్టుకోలేదు. పాప ఊపిరి అందుకునేదాకా ఆగి, ఇది ఎప్పటినుంచి ఉంది అని మెల్లగా అడిగింది.

"చలికాలం మొదట్నుంచీ," అన్నాను. "మధ్యలో కొన్నాళ్లు పనిచేయలేదు."

ఆవిడ తలతిప్పి గుమ్మంలో ఉన్న మా ఆయన్ని చూసింది. ఆ కొన్నాళ్లు ఏవో ఆవిడకు నేను చెప్పనక్కర్లేకపోయింది.

సంబరం చేసుకున్న చోటే అంతా ముగిసింది. చిటుకులన్నీ చెత్తలో పోశారు. స్టేషన్ హాల్లో పెట్టిన మీటింగులో పెద్దాయన, ఇంట్లో ఆడవాళ్లు చదువుకోకపోవడం వల్ల జరిగిన పొరపాటు ఇది అన్నాడట. ఆమెకు తెలియక ఏదో యంత్రం తెచ్చిపెట్టుకుందట, భర్తకు చెప్పలేదట. మేడమ్ లేచి అలా కాదని ఏదో అనబోతే, అది మా ఇంటి గొడవ, మేం చూసుకుంటాం అన్నాడట. మా ఆయన తల వంచుకుని కూర్చుని, అవును, తనకు తెలియదు అన్నాడట. పిన్ని వాళ్లాయన అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు.

"నీకు తెలియకట కదా అమ్మాయ్," అంది పిన్ని షెడ్డులో. నవ్వు రాలేదు ఆమెకు. నా బకెట్లోంచి పాప బట్టలు తీసి తనే జాడించింది.

తెలియని పెళ్లాం ఉండడం వల్ల ఆయన ఉద్యోగం ఊడలేదు. ఊళ్లో ఉన్న ఆఫీసుకు మార్చారు, అక్కడ కుర్చీలో కూర్చునే పని. సామాను సర్దుతుంటే ఆయన బీరువా అడుగున బొమ్మ కారు దొరికింది, నీలం టేపు చుట్టల మధ్య. తుడిచి తీసుకెళ్లి పిన్ని మనవడి చేతిలో పెట్టాను. వాడు ముందు మా ఆయన ఎక్కడున్నాడో చూసి, తర్వాత తీసుకున్నాడు.

ఊళ్లో మా ఇల్లు రెండు గదులు. ఎక్కడ దగ్గినా అంతటా వినిపిస్తుంది. ఆ డబ్బాలతో పని లేదు, అయినా పారేయలేదు. పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. దగ్గు తెరలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు ఆయన నాకన్నా ముందు లేస్తాడు. ఎత్తుకుంటాడు, తడతాడు, పడుకోబెడతాడు. వచ్చి, బాగానే ఉంది, నువ్వు లేవకు అంటాడు.

నేను లేచి వెళ్లి చూస్తాను.